రోల్ ప్లే చేయిస్తుంటే ఆ అబ్బాయి లేచి వెళ్ళిపోయాడు... ఇక ఆపేయాలా?

పేరు రాయవద్దని కోరిన ఈ పాఠకురాలు ఒక బీమా సంస్థ కస్టమర్ కేర్‌లో తొమ్మిదేళ్ళు కాల్స్ తీసుకున్నారు. కోపంగా ఉన్నవాళ్ళను శాంతపరచడంలో ఆవిడకు మంచి పేరు. ఆ పేరు చూసే ఆరు నెలల కిందట ట్రైనర్‌ని చేశారు. ట్రైనింగ్ ఎలా ఇవ్వాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. తనకు తోచినట్టు చేసుకుంటూ వచ్చారు.

మూడు వారాల కిందట పద్నాలుగు మంది ఉన్న కొత్త బ్యాచ్‌కి రోల్ ప్లే పెట్టారు. సందర్భం ఇదీ: తండ్రి చనిపోయాడు, క్లెయిమ్ డబ్బు ఇంకా రాలేదు, కూతురు ఫోన్ చేసి నిలదీస్తోంది. కూతురి పాత్ర ఈవిడే వేశారు. ఫోన్ ఎత్తే ఉద్యోగి పాత్రకు, క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒక కుర్రాణ్ణి పిలిచారు. బెరుకు పోతుందనుకున్నారు. మిగతావాళ్ళు చుట్టూ కూర్చుని చూస్తున్నారు. "ఇంకా ఒక పత్రం రావాలి మేడమ్" అన్నాడతను. ఈవిడ గొంతు పెంచారు. అతను అదే వాక్యం మళ్ళీ అన్నాడు. "మీ ఇంట్లో ఎవరూ చావలేదా?" అని ఈవిడ అరిచారు. ఆ కుర్రాడు హెడ్‌సెట్ తీసి, దాని వైరు జాగ్రత్తగా చుట్టి, టేబుల్ మీద పెట్టి, గదిలోంచి వెళ్ళిపోయాడు. అతని తండ్రి పోయి ఎనిమిది నెలలే అయిందని ఈవిడకు మధ్యాహ్నం తెలిసింది.

అతను ఉద్యోగం మానలేదు. వస్తున్నాడు, చివరి కుర్చీలో కూర్చుంటున్నాడు, తలెత్తడం లేదు. మిగతావాళ్ళు రోల్ ప్లే అనగానే నవ్వులాటగా మార్చేస్తున్నారు, కాదంటే తలనొప్పి అని తప్పించుకుంటున్నారు. మేనేజర్ "ఈ నాటకాలు ఆపి స్లైడ్లు వేసి చెప్పేయండి, లేదంటే దానికి మార్కులు పెట్టండి, అప్పుడు సీరియస్‌గా చేస్తారు" అంటున్నారు. సీనియర్ ట్రైనర్ ఒకరు "బయట కస్టమర్లు ఇంతకన్నా ఎక్కువ తిడతారు, ఇప్పుడే రాటుదేలాలి" అన్నారట. ఉత్తరం చివర్లో ఆవిడ ఇలా రాశారు: "నేను చేరిన మొదటి నెలలో ఒక కస్టమర్ నన్ను అచ్చం అదే మాట అంది. ఆ రాత్రి నిద్రపోలేదు. అందుకే వీళ్ళని ముందే సిద్ధం చేయాలనుకున్నాను. తప్పు నాదేనా? రోల్ ప్లే మానేయాలా? ఆ అబ్బాయితో ఎలా మాట్లాడాలి? అసలు నేను ఈ పనికి పనికొస్తానా?"

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో ఆ హెడ్‌సెట్ వైరు దగ్గర నేను ఆగిపోయాను. ఆ గందరగోళంలోనూ అతని చేతులు ఏం చేస్తున్నాయో మీరు చూశారు, మూడు వారాలైనా మర్చిపోలేదు. మనుషుల్ని ఇంత దగ్గరగా గమనించేవాళ్ళు ట్రైనింగ్‌కి పనికిరాకపోతే ఇంకెవరు పనికొస్తారు? కాబట్టి ఆ చివరి ప్రశ్నను పక్కన పెట్టేద్దాం. మిగతా మూడింటికీ జాగ్రత్తగా ఆలోచించి చెప్పాల్సిన జవాబులే ఉన్నాయి.

తప్పు సంగతి ముందు. అతని తండ్రి పోయిన విషయం మీకు తెలియదు. అది తప్పు కాదు. అయితే చావు ఉన్న సందర్భాన్ని ఎంచుకున్నప్పుడు, పద్నాలుగు మందిలో ఎవరో ఒకరికి అది ఇంకా మానని గాయం అయి ఉండవచ్చు. ముందు రోజే సందర్భం చెప్పి, "ఇది నాకొద్దు అనుకునేవాళ్ళు ఒక్క మెసేజ్ పెట్టండి, కారణం చెప్పక్కర్లేదు" అని ఉంటే అతను తప్పుకోగలిగేవాడు. ఆ దారి అతనికి లేకుండా పోయింది. అందరి ముందూ పేరు పెట్టి పిలిచాక ఎవరైనా కాదని ఎలా అంటారు?

నాకు ఇంతకన్నా పెద్దదిగా కనిపించేది వేరే ఉంది. ఆ రోజు మీరు మూడు పనులు ఒక్కరే చేశారు. కస్టమర్‌గా నటించారు, ఆటను నడిపించారు, చివర్లో ఎలా చేశాడో చెప్పాల్సిందీ మీరే. కోపంగా ఉన్న పాత్రలో మునిగాక ఎదుటి మనిషి మనకు ఆ పాత్ర కళ్ళతోనే కనిపిస్తాడు. అతను అదే వాక్యాన్ని రెండోసారి, అదే గొంతుతో అన్నాడు చూడండి, అక్కడే అతను బిగుసుకుపోయాడు. పక్కన నిలబడి చూస్తున్న ట్రైనర్ అయితే ఆ క్షణంలో చెయ్యెత్తి ఆపేవారు. మీరు పాత్రలో ఉన్నారు కాబట్టి, ఆ కూతురికి వినిపించినట్టే అది మీకూ నిర్లక్ష్యంగా వినిపించింది. గొంతు పెంచారు. ఆపడానికి గదిలో ఇంకెవరూ లేరు.

ఇంకొక మాట, నొచ్చుకోకండి. "మీ ఇంట్లో ఎవరూ చావలేదా" అన్నది మీరు ముందుగా రాసుకున్నది కాదనుకుంటాను. అది తొమ్మిదేళ్ళుగా మీలో ఉండిపోయిన మాట. ఆ రాత్రి నిద్రలేకుండా గడిపిన మీకు ఏది దొరికి ఉంటే బాగుండేది? ఎవరో ఒకరు ముందే ఓసారి ఆ మాట మిమ్మల్ని అని అలవాటు చేసి ఉండటమా? ఆ మాట పడ్డాక ఊపిరి ఎలా తీసుకోవాలో, తర్వాతి వాక్యం ఏమనాలో పక్కన కూర్చుని చూపించడమా? మీరు రెండోది ఇవ్వాలనుకున్నారు. ఆ వేడిలో మొదటిది ఇచ్చారు. మీ సీనియర్‌కీ మీకూ తేడా ఉన్నది సరిగ్గా ఇక్కడే.

ఆయన మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. ఫ్లోర్ మీదికి, అంటే నిజమైన కాల్స్ తీసుకునే చోటికి వెళ్ళాక ఆ మాటలు పడక తప్పదు, మెత్తటి మాటలతో మాత్రమే సాధన చేసినవాళ్ళు మొదటి గట్టి కాల్‌కే తడబడతారు. కానీ రాటుదేలడం అనేది మెట్లు మెట్లుగా జరగాలి. ఏమనాలో తెలియని మనిషి మీద ఒత్తిడి పెంచితే అతను నేర్చుకునేది మూగబోవడం ఒక్కటే. అంతకన్నా ఇబ్బంది ఏమిటంటే, అతను ఓడిపోయిన చోటే ఆట ఆగిపోతే, అతనికి చివరిగా గుర్తుండేది ఆ ఓటమే. మీ కుర్రాడి విషయంలో జరిగింది అదే.

వైద్య విద్యలో ఈ సంగతిని చాలాకాలం కిందటే పట్టించుకున్నారు. 1963లో అమెరికాలో హోవర్డ్ బారోస్ అనే నరాల వైద్యుడు, రోగిగా నటించడానికి మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి వైద్య విద్యార్థుల ముందు కూర్చోబెట్టాడు. ఇప్పుడు అది చాలా దేశాల్లో మామూలు పద్ధతి. అలా నటించేవాళ్ళకు ఎంత నొప్పి చూపాలో, ఏ ప్రశ్నకు ఏం చెప్పాలో, ఎక్కడ ఏడవాలో ముందే నేర్పుతారు. ఎంతమంది విద్యార్థులు వచ్చినా ఒకే రోగం, ఒకే తీవ్రత. అధ్యాపకుడు ఆపమంటే ఆపుతారు. కస్టమర్ పాత్ర వేసేవారికి కావలసింది ఈ అదుపే. కోపం ఎంత బాగా నటించారన్నది కాదు, ఆ కోపాన్ని ఎప్పుడైనా తగ్గించగలరా అన్నది చూడాలి.

మరి మేనేజర్ చెప్పినట్టు స్లైడ్లకు మారిపోతే? మీకు టెన్షన్ ఉండదు, ఎవరూ ఏడవరు, టైమూ కలిసొస్తుంది. ఆ ధైర్యం ఫ్లోర్ మీద మొదటి వారం దాకా ఉంటుంది. "సహానుభూతి చూపాలి" అని స్లైడు మీద చదివిన మనిషికి, ఎదుటివాళ్ళు అరుస్తున్నప్పుడు ఆ సహానుభూతి నోట్లోంచి ఏ వాక్యంగా రావాలో తెలియదు. 1965లో ఇర్వింగ్ జానిస్, లియన్ మాన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు సిగరెట్లు తాగే యువతులతో ఒక ప్రయోగం చేశారు. కొందరిని, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉందని డాక్టర్ చెబుతుంటే వింటున్న రోగిగా నటించమన్నారు. మరికొందరికి ఆ సంభాషణ రికార్డింగ్ మాత్రమే వినిపించారు. విన్నవాళ్ళ కంటే నటించినవాళ్ళు సిగరెట్లు ఎక్కువ తగ్గించారు. మీ మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు ఈ ప్రయోగం పనికొస్తుంది. మీకు మీరు గుర్తుపెట్టుకోవడానికి కూడా పనికొస్తుంది, ఎందుకంటే నటిస్తున్నామని తెలిసినా అది మనిషి లోపలిదాకా వెళ్తుందని అదే చెబుతోంది. మేలూ కీడూ రెండూ ఆ లోతులోంచే వస్తాయి.

ఇక మార్కులు. దీనికి నేను గట్టిగా వద్దంటాను, కనీసం నేర్పే దశలో. నటించిన రోగులతో పరీక్షలు పెట్టేవాళ్ళు ఉన్నారు నిజమే. స్కాట్లాండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ 1975లో అలాంటి పరీక్షా పద్ధతిని ప్రచురించాడు. అందులో ప్రతి విద్యార్థీ ఒకే రకమైన ఘట్టాలు చాలా దాటుతాడు, ఒకే జాబితాతో అందరినీ కొలుస్తారు. మీ గదిలో ఒక్కొక్కరికీ ఒకే ఒక్క ఛాన్స్, కస్టమర్ పాత్ర ఒకరికి మెత్తగా, ఇంకొకరికి కటువుగా. దాని మీద మార్కు వేస్తే అది వాళ్ళ నేర్పుకు పడదు, ఆ రోజు అదృష్టానికి పడుతుంది. పైగా మార్కులున్న చోట ఎవరూ కొత్త వాక్యం ప్రయత్నించరు. "అసౌకర్యానికి క్షమించండి మేడమ్" అని స్క్రిప్టు చదివి బయటపడతారు. మేనేజర్ మార్కులు కావాల్సిందేనని పట్టుబడితే, నేర్చుకునే రోల్ ప్లేలను విడిగా ఉంచండి. ట్రైనింగ్ చివర్లో ఒక పరీక్ష, అందరికీ ఒకే సందర్భం, ఏమేం చూస్తారో ముందే చేతికిచ్చిన జాబితా. రెండింటినీ కలపకండి.

రోల్ ప్లే కొనసాగించేటట్టయితే మీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ముగ్గురేసి గుంపులుగా చేయడం. ఒకరు కస్టమర్, ఒకరు ఉద్యోగి, ఒకరు చూసేవారు, తర్వాత పాత్రలు మారతాయి. చుట్టూ పదముగ్గురు కూర్చుని చూసే భయం పోతుంది. దీనికి మీరు ఇచ్చుకోవాల్సిన మూల్యమూ ఉంది. గది సంతలా ఉంటుంది, అన్ని గుంపుల మాటలూ మీకు వినబడవు, స్నేహితులు ఒకరినొకరు తేలిగ్గా వదిలేస్తారు. అందుకే చూసేవారికి ఒక్క చిన్న పని అప్పగించండి: "కస్టమర్ చెప్పిన విషయాన్ని ఉద్యోగి తన మాటల్లో తిరిగి చెప్పాడా లేదా, అదొక్కటే చూడు." మొత్తం ఎలా ఉందో చెప్పమంటే "బాగానే ఉంది" తప్ప ఏమీ రాదు.

రెండోది, అనుభవం ఉన్న సహోద్యోగి ఎవరైనా వచ్చి కస్టమర్ పాత్ర వేయడం. మీరు ఆటను నడపడానికి, ఆపడానికి పక్కన ఉండవచ్చు. దీనికి ఫ్లోర్ మీది నుంచి ఒక మనిషిని అడగాలి, మేనేజర్ ఒప్పుకోవాలి. ముందు అతనితో కూర్చుని కోపానికి మూడు మెట్లు రాసుకోవాలి. మొదటి మెట్టులో విసుగు, రెండో మెట్టులో గొంతు పెంచడం, మూడోది నిష్ఠూరం. మీరు వేలు చూపిస్తే ఒక మెట్టు ఎక్కాలి, అరచెయ్యి చూపిస్తే దిగాలి. ఉద్యోగి పాత్రలో ఉన్నవాళ్ళు కూడా ఎప్పుడైనా "ఆపండి" అనగలగాలి. ఆ మాట వాడటం తప్పుకాదని నమ్మించాలంటే మొదటి రోజు మీరే ఓసారి వాడి చూపించండి.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టం: పాత్రలు మార్చడం. రోల్ ప్లేని ఒక పద్ధతిగా తీర్చిదిద్దినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సిన మానసిక వైద్యుడు జేకబ్ మొరెనో. 1920లలో వియన్నాలో అప్పటికప్పుడు అల్లుకునే నాటకాలతో మొదలుపెట్టి, తర్వాత అమెరికా వెళ్ళి దాన్ని సైకోడ్రామాగా, అంటే నటన ద్వారా చేసే మానసిక చికిత్సగా పెంచాడు. ఎదుటి మనిషి కుర్చీలో కూర్చుని మన మాట మనమే వినడం ఆయన పద్ధతిలో కీలకం. మీ గదిలో ఇది ఎలా ఉంటుందో చూడండి. ట్రైనీ "అది మా రూల్ మేడమ్" అన్నాడనుకోండి. ఆపండి. ఇద్దరినీ కుర్చీలు మారమనండి. ఇప్పుడు ఎదుటివారు అదే వాక్యాన్ని, అదే గొంతుతో అతనికి చెబుతారు. "ఎలా అనిపించింది?" అని అడగండి. "గోడతో మాట్లాడినట్టుంది" అంటాడు. మళ్ళీ తన కుర్చీలోకి పంపి, సరిగ్గా ఆ చోటు నుంచే ఇంకో వాక్యం ప్రయత్నించమనండి. "మూడు నెలలుగా తిరుగుతున్నారు, కోపం రాదా మరి. ఏ పత్రం దగ్గర ఆగిందో ఇప్పుడే చూసి చెప్తాను, లైన్‌లో ఉండండి" అన్న వాక్యం అతని నోట్లోంచి వచ్చే దాకా రెండు మూడు సార్లు తిప్పండి. మొత్తం కాల్ ఆడించాల్సిన పని లేదు. చిక్కుముడి ఉన్న ఆ నలభై సెకన్లు చాలు. గెలిచిన చోట ఆపండి.

ఆట అయ్యాక జరిగే దాని గురించి మీ ఉత్తరంలో ఒక్క వాక్యం కూడా లేదు. నాకు గుబులు పుట్టించింది అదే. మొరెనో పద్ధతిలో మూడు దశలుంటాయి: ముందు వేడెక్కడం, తర్వాత ఆడటం, ఆఖర్న పంచుకోవడం. ఆఖరి దశలో చూసినవాళ్ళు సలహాలివ్వరు, తప్పులెంచరు, "ఇది చూస్తుంటే నాకు ఫలానాది గుర్తొచ్చింది" అంటారు. నటించిన మనిషి అందరి మధ్యా ఒంటరిగా మిగిలిపోకుండా చూడటం దాని పని. ఉద్యోగ శిక్షణలో అంత లోతు అక్కర్లేదు గానీ, పాత్రలోంచి బయటికి రావడం మాత్రం తప్పనిసరి. లేచి వేరే కుర్చీలోకి మారమనండి, ఛాతీ మీద పాత్ర పేరు చీటీ ఉంటే తీసేయమనండి, సొంత పేరు చెప్పమనండి. కస్టమర్‌గా అరిచినవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. ఆ తర్వాతే ఫీడ్‌బ్యాక్. బ్రిటన్‌లో డాక్టర్ల శిక్షణ కోసం డేవిడ్ పెండిల్టన్ 1984లో ఒక క్రమం సూచించాడు: చేసిన మనిషే ముందు మాట్లాడాలి, అదీ ఏది బాగా చేశాడో. మిగతావాళ్ళు ఆ తర్వాత. ఇది మరీ బిగుతుగా ఉంటుందని అనేవాళ్ళున్నారు. నిజమే, అనుభవం ఉన్న గుంపుకి అంత పట్టింపు అక్కర్లేదు. బెదిరిపోయి ఉన్న మీ బ్యాచ్‌కి మాత్రం ఆ బిగువే ధైర్యం.

వాళ్ళు నవ్వులాట చేస్తున్నారని బాధపడ్డారు. అది మీ మీద చిన్నచూపు కాదు. పదముగ్గురు మనుషులు తమ తోటివాడు లేచి వెళ్ళిపోవడం చూశారు, రేపు ఆ కుర్చీలో తామే ఉండొచ్చని తెలుసు. నవ్వితే ఆ కుర్చీ వేడి తగలదు. వాళ్ళని తిడితే నవ్వు ఆగుతుంది, భయం పెరుగుతుంది. బదులుగా ఓ రెండు నిమిషాలు అందరితో మాట్లాడండి: "మొన్నటి రోల్ ప్లే నేను నడిపిన తీరు బాగాలేదు. ఆపాల్సిన చోట ఆపలేదు. ఇకపై ఇలా చేద్దాం." అంతే. అతని పేరు, అతని తండ్రి ప్రస్తావన రాకూడదు. తన బాధ నలుగురి నోళ్ళలో పడటం అతనికి రెండో దెబ్బ అవుతుంది.

ఆ అబ్బాయితో విడిగా మాట్లాడాలా, వద్దా? మాట్లాడకుండా వదిలేస్తే అతను తనంతట తాను తేరుకోవచ్చు. కొందరికి అలా వదిలేయడమే ఊరట. కానీ మీరిద్దరూ రోజూ ఒకే గదిలో ఉంటున్నారు, అతను తలెత్తడం లేదు. ఈ మౌనాన్ని అతను "నేను చేతకానివాణ్ణని మేడమ్ అనుకుంటున్నారు" అని చదువుకుంటూ ఉండవచ్చు. అందుకే నేను మాట్లాడటం వైపే మొగ్గుతాను, చిన్నగా, నిలబడి, వెళ్ళిపోవడానికి అతనికి వీలున్న చోట. "ఆ రోజు నేను హద్దు దాటాను. సారీ. నువ్వు వెళ్ళిపోవడం తప్పేం కాదు. దీని గురించి మాట్లాడాలనిపిస్తే నేనున్నాను, అక్కర్లేదనుకుంటే అక్కర్లేదు." తండ్రి గురించి అడగకండి. ఎలా పోయారు, ఇంట్లో ఎలా ఉన్నారు అన్నవి అతను ఎత్తితే తప్ప మీ నోట రాకూడదు. మిమ్మల్ని క్షమించానని అతని చేత అనిపించుకోవాలని చూడకండి. మీ మనసు తేలికపడటం అతని పని కాదు. అతను "పర్వాలేదు మేడమ్" అని తల దించుకుని వెళ్ళిపోయినా, చెప్పాల్సింది చెప్పినట్టే.

ఇక్కడ ఒక కష్టమైన విషయం మిగిలింది. ఫ్లోర్ మీదికి వెళ్తే అతనికి నిజంగానే అలాంటి కాల్స్ వస్తాయి. అతన్ని ఆ క్లెయిముల నుంచి తప్పించాలని మీకనిపిస్తుంది. అడగకుండా తప్పిస్తే అది దయగానే కనిపిస్తుంది గానీ, ఇతను తట్టుకోలేడు అన్న ముద్ర కూడా పడుతుంది. అడగకుండా అందులోకే తోస్తే మళ్ళీ అదే గది. ట్రైనింగ్ పూర్తయ్యే ముందు అతన్నే అడగండి: కొన్నాళ్ళు వేరే రకం కాల్స్ తీసుకుంటాడా, లేక ముందు మీ పక్కన కూర్చుని అలాంటి కాల్స్ మీరు ఎలా తీసుకుంటారో వింటాడా. తండ్రిని పోగొట్టుకున్న మనిషి ఆ కాల్స్ అందరికన్నా బాగా తీసుకోవచ్చు, అస్సలు తీసుకోలేకపోవచ్చు. అది బయటినుంచి మనం చెప్పగలిగేది కాదు. అతనికి నిద్ర, తిండి కూడా సరిగ్గా లేవనిపిస్తే, మీ సంస్థలో కౌన్సెలర్ ఉంటే ఆ సంగతి అతనికి తెలిసేలా చేయండి. ఆ వైద్యం మీ చేతుల్లో లేదు, రోల్ ప్లేతో చేయాలని అసలే ప్రయత్నించకండి.

వచ్చే వారం సెషన్‌కి చావు లేని సందర్భం తీసుకోండి. ప్రీమియం రెండుసార్లు కట్ అయిందని ఫోన్ చేసిన కస్టమర్ చాలు. ముందు రోజు సాయంత్రమే సందర్భం ఏమిటో అందరికీ చెప్పేయండి, అతనికి కూడా వినబడేలా. ఈసారి ఉద్యోగి కుర్చీలో మీరే కూర్చోండి. సహోద్యోగి కస్టమర్‌గా అడుగుతుంటే మీరు కావాలనే ఒక చోట తడబడి, ఆపి, బ్యాచ్ వైపు తిరిగి "ఇప్పుడు నేనేమనాలి?" అని అడగండి. వాళ్ళు చెప్పిన వాక్యాన్ని అక్కడికక్కడే వాడి చూపించండి, పనిచేయకపోతే ఇంకోటి అడగండి. చివరి కుర్చీ వైపు ప్రత్యేకంగా చూడకండి. అక్కడినుంచి ఏదైనా వాక్యం వస్తే, మిగతావాటిలాగే దాన్నీ వాడేయండి.